మామిడి బంక మీద వేలి గుర్తు

నా చిన్నప్పుడు మా వాడకట్టు మొత్తానికి నాలుగు చక్రాల బండి ఒక్కటే ఉండేది. అది పక్కింటి కాక జీపు. జఫర్‌గఢ్ నుంచి రైలు స్టేషన్ దాకా జనాన్ని తీసుకుపోయి దింపి, మళ్లీ అక్కడి నుంచి జనాన్ని ఎక్కించుకొచ్చే నీలం రంగు జీపు. లోపల ఎంతమంది పడతారో అంతకు రెట్టింపు మంది ఎక్కేవారు, వెనక మెట్టు మీద నలుగురు వేలాడేవారు, పైన కోళ్ల గంపలు. కాక అంటున్నాను గానీ ఆయన మాకు చుట్టం కాదు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య నడుమెత్తు మట్టిగోడ ఒకటి ఉండేది. ఆ గోడకు అటు ఆయన ఒక్కగానొక్క కూతురు, ఇటు నేను. ఇద్దరికీ తొమ్మిదేళ్లు, ఒకటే తరగతి, ఒకటే పలక మీద కొట్లాట. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయను. వాళ్లమ్మ ఇంకా ఉంది.

జీపును కాక తన వాకిట్లో మామిడిచెట్టు కింద పెట్టేవాడు. అక్కడ పెట్టొద్దని మా నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. పిట్టలు రెట్టలు వేస్తాయనేది, కాయలు రాలితే అద్దం పగులుతుందనేది. కాక నవ్వి, ఎండలో పెడితే ఇనుము కాలి ఆడవాళ్లకు ఎక్కేటప్పుడు చేతులు చురుక్కుమంటాయనేవాడు. ఆయన అట్లాంటి మనిషి. ఆ ఎండాకాలం గాలిదుమారానికి ఒక పెద్ద కొమ్మ విరిగింది. విరిగిన చోట నుంచి బంక కారడం మొదలైంది. తేనె రంగులో, చుక్కలు చుక్కలుగా, జీపు వెనక తలుపు మీద పడి అక్కడే గడ్డకట్టేది. పడిన వెంటనే ముట్టుకుంటే వేలికి అంటుకుంటుంది. ఒకటి రెండు రోజులాగితే పైన తోలు కట్టి, లోపల మెత్తగా ఉంటుంది. అప్పుడు వేలు పెట్టి నొక్కితే వేలి అచ్చు పడుతుంది. ఈ సంగతి కనిపెట్టింది నేనేనని నేనూ, తనేనని తనూ చాలా రోజులు తగువులాడుకున్నాం. ఆ సెలవుల్లో మొత్తం ఆరు చుక్కల మీద అచ్చులు వేశాం. మూడు దానివి, మూడు నావి. కాక చూసి కోప్పడలేదు. “ఏందే, నా బండికి బొట్లు వెడుతున్నరా ఇద్దరు?” అన్నాడు, అంతే.

శ్రావణమాసంలో ఒక పెళ్లివాళ్లు జీపు మాట్లాడుకుని కాటారం తీసుకుపోయారు. భూపాలపల్లి దాటి అడవంచు ఊరు, పొద్దున పోతే మర్నాటికి గాని తిరిగిరాలేరు. ఆ రోజే కొట్టంలో పిడకలు తెద్దామని పోయిన పిల్లను పాము కరిచింది. ఎవరింట్లోనూ మోటారు లేదు. ఉన్న ఒక్క జీపూ కాటారంలో పెళ్లి పందిరి పక్కన నిలబడి ఉంది. మా బాపు ఆ పిల్లను సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని, జారిపోకుండా తన తువ్వాలతో నడుముకు కట్టుకుని దవాఖాన దిక్కు తొక్కాడు. సగం దూరం పోకముందే దాని తల బాపు చేతి మీదికి వాలిపోయిందట. అప్పుడు కూడా ఆపలేదు, తొక్కుతూనే ఉన్నాడు. మా బాపు ఈ మాట జీవితంలో ఒక్కసారే చెప్పాడు. మళ్లీ నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

కాక మర్నాడు వచ్చాడు. ఆ జీపును ఎప్పటిలాగే మామిడిచెట్టు కింద పెట్టాడు. ఇక తీయలేదు. స్టేషన్‌కు పోవలసిన వాళ్లు కొన్నాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడి, ఏమనాలో తెలియక తిరిగిపోయారు. తర్వాత రావడం మానేశారు. నేను చిన్నమ్మ అని పిలిచే కాక భార్య కైకిలికి, అంటే కూలిపనికి, పోవడం మొదలుపెట్టింది, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. కాక మాత్రం పొద్దున లేచి జీపు వెనక నేల మీద కూర్చునేవాడు. ఎదురుగా ఆ ఆరు గుర్తులు. పైనుంచి బంక కారుతూనే ఉండేది. ఇప్పుడు తలుపు మీదే కాదు, పైకప్పు మీద, ఇంజను పైనుండే ముందు మూత మీద, అద్దాల మీద కూడా. ఆకులు అతుక్కున్నాయి, దుమ్ము అతుక్కుంది, చచ్చిన ఈగలు అతుక్కున్నాయి. వానలు కురిసినా ఆ బంక కరగలేదు. రెండు నెలల్లో ఆ జీపు ఎవరూ లేని దానిలా తయారైంది.

దసరా వచ్చింది. మా దిక్కు ఆ పండుగకు ఇంట్లో పనికొచ్చే ప్రతి వస్తువునూ కడుగుతారు. నాగలి, కొడవలి, కుట్టుమిషను, సైకిలు, అన్నింటికీ పసుపు కుంకుమ పెడతారు. ముందురోజు మా వాకిట్లో ఆడవాళ్లంతా చేరి ఇత్తడి సామాను తోముతున్నారు. నేను నీళ్లు అందిస్తున్నాను. మాట జీపు మీదికి పోయింది.

“ఆ బంక మరకలు పోతెగని వాడు మనిషి గాడు. పొద్దుగాల లేస్తే వాటినే సూసుకుంట కూసుంటడు. పండుగ పూటన్న ఎవలన్న కడిగి పారేస్తె బాగుండు,” అంది మా నాయనమ్మ.

“నువ్వే కడుగరాదు అవ్వా?” అంది ఒకామె.

“నా నడుము నీకిస్త, నువ్వే పోయి కడుగు,” అంది మా నాయనమ్మ. అందరూ నవ్వారు. తర్వాత ఎవరికి వాళ్లు ఆ నవ్వినందుకు తప్పు చేసినట్టు తలలు వంచుకుని తోముకున్నారు.

పెద్దవాళ్లు ఒక మాట అని వదిలేస్తారు, చేయరు. ఆ వయసులో నాకు వాళ్లమీద ఉన్న పెద్ద ఫిర్యాదు అదే. ఇప్పటికీ అదే అనుకోండి. ఎవరో ఒకరు చేయాలి, ఆ ఒకరు నేనే అని అప్పటికప్పుడు తీర్మానం చేసుకున్నాను. ఆ గుర్తులు పోతే కాక బండెక్కుతాడు. బండెక్కితే స్టేషన్‌కు పోతాడు, నలుగురితో మాట్లాడతాడు, చిన్నమ్మ కైకిలి మానేస్తుంది. ఇంత తేలికైన సంగతి వీళ్లకెందుకు తట్టలేదు? నా తొమ్మిదేళ్ల బుర్రకు అందులో ఎక్కడా లోపం కనిపించలేదు.

మిట్టమధ్యాహ్నం, కాక లోపల మంచం మీద పడుకుని ఉన్నాడు. తోమగా మిగిలిన చింతపండు గుజ్జు, ఇటుక పొడి, కొబ్బరి పీచు పట్టుకుని నేను గోడ దూకాను. ఇత్తడి బిందె బంగారంలా మెరవాలంటే ఈ మూడూ ఉంటే చాలు, మా ఇంట్లో అంతకు మించిన విద్య లేదు. బిందెకు పనికొచ్చేది బండికి పనికిరాదని నాకెవరూ చెప్పలేదు. మొదటి గుర్తు మీద గుజ్జు పూసి, ఇటుక పొడి చల్లి, రెండు చేతులా రుద్దాను. బంక కదల్లేదు. ఇంకా గట్టిగా రుద్దాను. అప్పుడూ కదలకపోతే మా ఇంట్లోకి పోయి రొట్టెలు తిప్పే ఇనుప గరిటె తెచ్చాను. దాని అంచు బంక కింద దూర్చి పెకిలిస్తే టప్పున ఊడొచ్చింది. ఊడొచ్చిన బంకతోపాటే నీలం రంగు కూడా ఊడొచ్చింది, కింద తెల్లటి రేకు బయటపడింది. ఆగవలసింది. ఆగలేదు. మరక పోయింది కదా అనుకున్నాను. రెండోది, మూడోది. ఏది దానిదో, ఏది నాదో చూడను కూడా చూడలేదు. పనిలో పడ్డాను. అయిదో గుర్తు కింద పడ్డాక తలెత్తితే కాక గడపలో నిలబడి ఉన్నాడు.

ఆయన నన్ను చూడటం లేదు. తలుపు వైపు చూస్తున్నాడు.

నాకు భయమేస్తే మాటలు ఎక్కువవుతాయి. “నేనేం తప్పు జెయ్యలే కాకా. బండి ఖరాబైతుందని కడుగుతున్న. ఇవి పోతెగని నువ్వు బండెక్కవని మా అవ్వనే అన్నది. అందరు అన్నరు. నేనొక్కదాన్నే కాదు,” అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. ఆయన దగ్గరికి వచ్చాడు. రంగు లేచిపోయిన చోట్లను ఒక్కొక్కటిగా అరచేత్తో తడిమాడు.

“ఎన్ని గీకినవ్ బిడ్డా?”

“అయిదు.”

ఆయన నేల మీద కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో. కడిగింది మరకలు కాదు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. మా ఇంట్లోనైతే తప్పుకు ఒక దెబ్బ, దెబ్బతో ఆ తప్పు చెల్లు. ఆయన నా చెయ్యి అందుకుని, తిప్పి చూసి, “గోర్లకాడ తోలు లేసింది గద. చింతపండు మండుతలేదా?” అన్నాడు. అప్పటిదాకా మండలేదు. ఆయన అడిగాక మండింది, ఏడుపొచ్చింది. తొట్టి దగ్గరికి తీసుకుపోయి నా రెండు చేతులూ ఆయనే కడిగాడు.

తర్వాత లోపలికి పోయి కొబ్బరినూనె సీసా, పాత పంచె గుడ్డ తెచ్చాడు. ఆ సీసా నాకు తెలుసు. రోజూ బడికి పోయేముందు చిన్నమ్మ అందులోని నూనె రాసే కూతురికి తల దువ్వేది. రెండు నెలలుగా ఆ ఇంట్లో జడ వేయించుకునే పిల్ల లేదు, సీసా మెడదాకా నూనె అట్లాగే ఉంది. ముందు, రంగు పోయి రేకు తేలిన చోట్ల తుప్పు పట్టకుండా పలచగా నూనె రాశాడు. తర్వాత గుడ్డను నూనెలో తడిపి, ముందు మూత మీద ఉన్న ఒక బంక చుక్క మీద పరిచి, నా వేళ్లు తెచ్చి దాని మీద పెట్టాడు.

“బంకతోని కొట్లాడద్దు బిడ్డా. గీకితే అది పోదు, రంగు వోతది. నూనె వెట్టి ఊకె కూసో. మెత్తగైనంక అదే ఇడిసిపెడతది.”

“ఎంతసేపు కూసోవాలె?”

“అది ఎంతసేపంటే గంతసేపు.”

ఆ జవాబు నాకు నచ్చలేదు, కానీ ఎదురు చెప్పే ముఖం లేదు. కూర్చున్నాను. కాసేపటికి గుడ్డ తీసి తుడిస్తే, గరిటెకు లొంగని బంక సబ్బు ముక్కలా జారి గుడ్డకు వచ్చేసింది. కింద నీలం రంగు చెక్కుచెదరలేదు. అట్లా ఒక్కో చుక్క దగ్గరా ఆగుతూ, ముందు నుంచి వెనక్కి వచ్చాం. మొండివి ఉంటే రెండోసారి నూనె పెట్టాం. అంతా అయ్యాక, జిడ్డు మిగిలితే మళ్లీ దుమ్ము పడుతుందని కుంకుడుకాయ నురగతో కడిగి, పొడిగుడ్డతో తుడిచాం. నేను ఈ రోజుకీ ఇంతకంటే మంచి పద్ధతి ఎక్కడా చూడలేదు.

ఆగి కూర్చున్న ఆ సమయాల్లోనే కాక మాట్లాడాడు. కూతురు పోయాక ఆయన అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలని తర్వాత చిన్నమ్మ చెప్పింది. తలకు నూనె రాయించుకోవడానికి అది ఎట్లా ఇల్లంతా పరుగెత్తించేదో చెప్పాడు. కాటారంలో పెళ్లి పందిరి దగ్గర గాజులామె కూర్చుంటే దానికి ఎర్రవి ఒక డజను, పచ్చవి ఒక డజను కొన్నాడట. “ఇంక బండ్లనే ఉన్నయ్ బిడ్డా. సీటు కింద. తియ్యబుద్ధి కాలే,” అన్నాడు. చూపించమని నేను అడగలేదు. అడగకుండా ఉండటం నాకు అలవాటు లేని పని. ఆ రోజే మొదలు.

చివరికి వెనక తలుపు దగ్గరికి వచ్చాం. స్టెప్నీ చక్రం కింద ఆరో గుర్తు ఒక్కటే మిగిలింది. నేను అలవాటుగా నూనె గుడ్డ ఎత్తాను. కాక నా చెయ్యి పట్టుకుని ఆపాడు. వంగి ఆ గుర్తు వైపు చూశాడు. తర్వాత నా కుడిచేతి చూపుడువేలు పట్టుకుని మెల్లగా ఆ గుంటలో పెట్టాడు.

సరిగ్గా సరిపోయింది. అంతకు ముందటి ఏడాది గడ్డి కోస్తుంటే కొడవలి జారి నా చూపుడువేలి కొస మీద అడ్డంగా గాటు పడింది. మానినా గీత మిగిలింది. ఆ గీత ఆ బంకలో, అదే చోట, అదే వంపుతో ఉంది. అది నాది. అంటే నేను పెకిలించి పారేసిన అయిదింటిలో దాని మూడూ ఉన్నాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. ఆయన నా వేలిని అందులోనే ఉంచి చాలాసేపు పట్టుకున్నాడు. తర్వాత తీసి, పంచె గుడ్డతో తుడిచి వదిలాడు.

“నీ యేలు దొడ్డుది. ఇది నా బిడ్డదే,” అన్నాడు.

నా వేలు దొడ్డుది కాదు. నోటి దాకా వచ్చింది ఆ మాట. బడిలో పంతులు లెక్క తప్పు వేస్తే లేచి నిలబడి చెప్పే పిల్లను నేను, ఊరి పెద్దమనిషి తిథి తప్పు చెబితే దిద్దిన దాన్ని. ఆయన ముఖం చూశాను. పెదవులు గట్టిగా బిగించుకుని, నేనేమంటానో అని చూస్తున్నాడు.

“అవు కాకా. దానిదే,” అన్నాను.

మర్నాడు పండుగ. కాక జీపుకు పసుపు కుంకుమ పెట్టాడు, నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి తొక్కించాడు. స్టేషన్ దాకా పోయి వచ్చాడు. వాడకట్టు ఆడవాళ్లు గడపల్లో నిలబడి ఆ చప్పుడు విన్నారు, కొందరు ఏడ్చారు. మా నాయనమ్మ తన మాటే నెగ్గిందని సంబరపడింది. ఆ తర్వాత కాక కిరాయికి జీపును స్టేషన్ దాటి ఎక్కడికీ తీసుకుపోలేదు. ఎంత పెద్దవాళ్ల పెళ్లయినా సరే, దూరం పోయేది లేదనేవాడు. ఎవరికి ఏ ఆపద వచ్చినా బండి ఊళ్లో ఉండాలి. కానుపులకు, పాము కరిచిన వాళ్లకు, పురుగుల మందు తాగిన వాళ్లకు ఆయన జీపే వరంగల్ దవాఖానకు దారి. అందులో బతికినవాళ్లు ఉన్నారు, బతకని వాళ్లూ ఉన్నారు. బతికిన పిల్లలెవరైనా కాళ్లకు మొక్కడానికి వస్తే ఆయన ఇంట్లోంచి బయటికి వచ్చేవాడు కాదు.

చాలా ఏళ్లు, పాపం ఆయనను నేను మోసం చేశాననే అనుకున్నాను. జాలిపడి మోసం చేశాను కాబట్టి పర్వాలేదని నాకు నేనే మాఫీ ఇచ్చుకున్నాను. మొన్నామధ్య మానుకోటలో మా ఆయన కొత్త కారు మీద పడిన చెట్టు బంకను బ్లేడు పెట్టి గీకబోతుంటే, బ్లేడు లాక్కుని, రెండు మాటలు అని, కొబ్బరినూనె తెచ్చి కూర్చున్నాను. ఇంకా ఎంతసేపని మా ఆయన గొణుగుతున్నాడు. గుడ్డ మీద వేలు నొక్కిపెట్టి ఊరికే ఉన్నాను కాబట్టి కళ్లు ఆ వేలి గాటు మీదే పడ్డాయి. అప్పుడు తట్టింది. మట్టిరోడ్డు మీద టైరు జాడ చూసి ఎవరి మోటారు ఎటు పోయిందో చెప్పే మనిషి ఆయన. అంతసేపు నా వేలు పట్టుకుని, అంత దగ్గర నుంచి చూసి, ఆ గీతను చూడలేదా? చూశాడు. చూసే అన్నాడు ఆ మాట. తన బిడ్డ ఆఖరి గుర్తు కూడా పోయిందని తెలిసిన ఆ నిమిషంలోనే, పక్కింటి పిల్ల ఆ భారం ఎట్లా మోస్తుందని ఆలోచించాడు. కారు పక్కన కూర్చుని ఏడ్చాను. మా ఆయన బ్లేడు గురించే అనుకుని క్షమాపణ చెప్పాడు.

కాక పోయి రెండేళ్లయింది. చిన్నమ్మ ఆ ఇంట్లోనే ఒక్కతే ఉంటుంది. ఆమెకు చదువు రాదు, ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను. మా ఊరివాళ్లెవరైనా చదివితే దయచేసి ఆమెకు వినిపించకండి. కాక దినాలకు పోయినప్పుడు ఆమె నన్ను దేవుడి గూటి దగ్గరికి తీసుకుపోయింది. జీపును తుక్కుకు ఇచ్చేటప్పుడు కాక ఆ గుర్తు ఉన్న చోట అరచేయంత రేకు కోయించి తెచ్చాడట. నీలం రేకు మీద నల్లబడిన బంక చుక్క, పక్కన రోజూ పెట్టే కుంకుమ. “సూడు, నీ జోడుదాని యేలు. గీత గూడ ఎంత సక్కగ వడ్డదో,” అంది. నేను సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నా వాదించే మనిషిని. ఆ గూటి ముందు నిలబడి నా వేలికి నేనే దండం పెట్టాను.

ఇప్పుడు చిన్నమ్మకు చూపు మందగించింది. దేన్నయినా తడిమే పోల్చుకుంటుంది. పొద్దున లేచి ముందు ఆ గుర్తునే తడుముతుందని, అందులో ఏ వంపు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలనని అంటుంది. నేను పోతే పక్కన కూర్చోబెట్టుకుని, చేతులు పట్టుకుని మాట్లాడటం ఆమెకు ఇష్టం. నేను కుడిచేయి కొంగులో చుట్టుకుని ఎడమచేయి ఇస్తాను. ఆమెకు కోపమొస్తుంది.

“ఇంత సదువు సదివినవ్, పెద్దమనుషులకు ఎడమ చెయ్యి ఇస్తవేందే? ఎవలు నేర్పిండ్రే నీకు?”

ఎవరు నేర్పారో ఆమెకు చెప్పాలని ప్రతిసారీ నాలుక కొస దాకా వస్తుంది. తల వంచుకుని, ఆ ఎడమచేతినే ఇంకాస్త ముందుకు చాపుతాను.